వంతెన పూతలు – జింకు గిరాకీ

అవిసె నూనెకు, ఉక్కు వంతెనకు సంబంధమేమిటని కొత్త వర్తకులకు సందేహం కలగవచ్చు. ఒకప్పుడు గట్టి సంబంధమే ఉండేది. స్కాట్లండులో 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలు వంతెనకు తొలినాళ్లలో వేసినవి సీసపు సింధూరం, ఇనుప ఆక్సైడు కలిపిన అవిసె నూనె రంగులే. సముద్రపు గాలికి ఆ రంగులు ఎక్కువ కాలం నిలిచేవి కావు. ఇంగ్లీషులో అంతులేని పనికి ఈ వంతెన రంగే సామెత అయింది. నూనె వర్తకుడికి మాత్రం అది తెగని ఖాతా.

2002లో పద్ధతి మారింది. గరుకు రజను వేగంగా చిమ్మి, పాత పొరలన్నీ ఒలిచి, ఉక్కు తళతళలాడేటట్లు చేసి, ప్రైమరు మీద గాజు రేకులు కలిపిన ఎపాక్సీ పూత వేశారు. చేప పొలుసుల వలె పరుచుకున్న ఆ రేకులను దాటడానికి తేమ చుట్టు తిరిగి పోవలసి వస్తుంది. సుమారు 2,30,000 చదరపు మీటర్ల పని 2011 డిసెంబరులో ముగిసింది. కనీసం 25 ఏళ్ల వరకు మళ్లీ రంగు అక్కరలేదని అంచనా.

ఇటువంటి పనులలో ఖర్చంతా రంగు డబ్బాలకు కాదు. పరంజా, పాత పొర ఒలవడం, ఒలిచిన సీసం గాలిలో, నీటిలో కలవకుండా కట్టే తెరలు, కూలి – పెద్ద పద్దులు ఇవే. డబ్బా ధర వద్ద బేరమాడి నాసిరకం కొన్నవాడు పరంజా రెండుసార్లు కట్టుకుంటాడు.

జింకు తీరు వేరు. ఎపాక్సీ గోడలా అడ్డు నిలుస్తుంది. పాత వర్తకులు తుత్తునాగమనే జింకు తాను తరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. పూతపై గీత పడినా చుట్టూ ఉన్న జింకే ముందు క్షయిస్తుంది. జింకు తీగను కరిగించి ఉక్కు భాగాలపై చిమ్ముతారు. 100 మైక్రాన్ల మందానికి చదరపు మీటరుకు 713 గ్రాములు నిలవాలి. చిమ్మేటప్పుడు పోయే తరుగు కలిపితే వెయ్యి చదరపు మీటర్లకు ముప్పాతిక టన్ను దాటుతుంది.

ప్రపంచంలో వాడే జింకులో సుమారు సగం ఉక్కుకు పూతగానే పోతున్నది. అయితే అందులో రేకులు, గొట్టాలు, స్తంభాలదే పెద్ద వాటా, వంతెనలది స్వల్పం. ఒక్క వంతెన టెండరు చూసి సరకు నిలవ చేయడం తెలివి కాదు. పైగా పూత ఎంత మన్నితే ఆ ఖాతాదారు అంత ఆలస్యంగా తిరిగి వస్తాడు. ఇక మిగిలేది కొత్త కట్టడాల గిరాకీయే. అదీ అంతా లోహానికే రాదు. మన దేశంలో పాంబన్ వద్ద 1914 నాటి రైలు వంతెనకు బదులు కట్టి, 2025 ఏప్రిల్ 6న ప్రారంభించిన వంతెనకు తుప్పు పట్టకుండా పాలీసిలోక్సేన్ పూత వేశారు. దాని ముడిసరకు సిలికాన్. గానుగతో దానికి పని లేదు.