పేరు తెలియని దాతకు ఋణం

వృత్రాసురవధ కోసం దేవతలు యాచించగా దధీచి మహర్షి తన అస్థికలనే సమర్పించాడు. ఎవరికిస్తున్నదీ ఆయనకు తెలుసు. జీవన్మృతుడైన ఆత్మీయుని అవయవాలను దానమిచ్చే కుటుంబానికి ఆ ఎరుక కూడా ఉండదు. మరి గ్రహీత ఆ ఋణం తీర్చుకునేది ఎలా?

మొక్కు చెల్లించ వచ్చి, ఉపవాసదీక్ష పేరిట మాత్రలు మానేవారున్నారు. అది భక్తి కాదు. అమర్చిన మూత్రపిండాన్ని శరీరం ఎప్పటికీ పరాయిదిగానే ఎంచుతుంది; దాన్ని తిరస్కరించకుండా ఆపే మందులు జీవితాంతం వేళతప్పక వేసుకోవాలి. ఆ మందులే రోగనిరోధకశక్తిని తగ్గిస్తాయి కనుక రద్దీలో మాస్కు ధరించడం, కోనేటి స్నానానికి బదులు ప్రోక్షణతో సరిపెట్టుకోవడం అపచారాలు కావు. వైద్యుడు సరేనంటే మెట్లెక్కండి, పొలానికి వెళ్ళండి, మనుమలను ఎత్తుకోండి. సంకల్పవేళ గోత్రనామాలు తెలియని ఆ దాతను కూడా తలచుకోండి, అర్చకులు కాదనరు.