చూచియు చెప్పనివాడు

పాఠ్యభాగములు: లేవీయకాండము 5:1-13, ద్వితీయోపదేశకాండము 21:1-9, అపొస్తలుల కార్యములు 7:58, 22:20



లేవీయకాండము అనగానే మనలో అనేకులు పుటలు తిప్పివేయుదురు. బలులు, క్రొవ్వు, రక్తము, ఇవి మనకు సంబంధించినవి కావని తలంతురు. అయితే 5వ అధ్యాయపు మొదటి వచనము మన పల్లె వీధిని చూచి వ్రాసినట్లున్నది. ఒకడు నేరమును కన్నులార చూచెను, లేక దానిని గూర్చి ఎరిగియున్నాడు. తెలిసినవారు ముందుకు రావలెనని ఒట్టుపెట్టి చాటగా అతడు వినెను. వినియు నోరు మెదపలేదు. అట్టివాడు దోషియని ఆ వచనము యొక్క భావము.

ఆ చాటింపు ఎట్టిదో కొంత గ్రహింపవలెను. ఆ కాలమున పోలీసు ఠాణా లేదు. సొత్తు పోయినవాడు నలుగురు వినునట్లు శాపము పలికి, ఎరిగినవాడెవడో బయటికి రావలెనని కోరును. పశువు తప్పిపోయినప్పుడు మన ఊళ్లలో టముకు వేయించెడి పద్ధతి పెద్దలకు జ్ఞాపకముండును. ఇదియు ఇంచుమించు అట్టిదే గాని, ఇందులో దేవుని ఎదుట పెట్టిన ఒట్టు కలదు. న్యాయాధిపతులు 17వ అధ్యాయములో మీకా తల్లి తన 1100 వెండి నాణెములు పోయినప్పుడు ఇట్లే శపించెను. ఆ మాట చెవిని పడగా, తీసినవాడు కుమారుడే గనుక, భయపడి ఒప్పుకొనెను. సామెతలు 29:24 చెప్పునదియు ఈ ఒట్టును గూర్చియే. దొంగతో పాలుపంచుకొనినవాడు దానిని విని కూడ చెప్పడు.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. 2, 3, 4 వచనములలోని మనుష్యులు తెలియక తప్పిపోయినవారు. అపవిత్రమైనదానిని ఎరుగక తాకినవాడొకడు, తొందరపడి ప్రమాణము చేసి దాని సంగతి ఎరుగకుండినవాడొకడు. మొదటి వచనములోని వానికి మాత్రము తెలియలేదను మాట లేదు. అతనికి అంతయు తెలియును. అందరిలో మొదట వాని పేరే ఎత్తుట ఊరకనే జరిగినది కాదని నా తలంపు.

ఇక ద్వితీయోపదేశకాండమునకు రండి. పొలములో ఒక శవము కనబడెను. చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, ఆ శవము నుండి చుట్టునున్న ఊళ్లకు దూరము కొలిపింపవలెను. ఏ ఊరు దగ్గరదో ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను పారునీరు గల లోయకు తోలుకొని పోయి, దాని మెడ విరుగదీసి, దానిమీద చేతులు కడుగుకొని, తమ చేతులు ఈ రక్తము చిందింపలేదనియు, తమ కన్నులు చూడలేదనియు పలుకవలెను. మన ఊరివాడు కాడు, మనకెందుకు అని చెప్పుటకు ఆ పెద్దలకు వీలులేదు. దూరము కొలిచి చూపిరి గదా!

యూదుల మిష్నా గ్రంథములో, సోటా అను భాగమందు, దీనిని గూర్చి మంచి ప్రశ్న యున్నది. పెద్దలే నరహంతకులని ఎవరైనను అనుమానింతురా? మరి వారెందుకు ప్రమాణము చేయవలెను? అచ్చటి జవాబు ఇది: ఆ బాటసారి మా యొద్దకు రాగా మేము తిండి పెట్టక పంపలేదు, తోడు లేకుండ విడువలేదు అని వారు చెప్పుచున్నారట. కత్తి ఎత్తకపోయినంత మాత్రమున చేయి శుద్ధి కాదని ఆ గురువులు ఎరిగిరి.

పిలాతు కూడ చేతులు కడిగెను. నీళ్లు నీళ్లే, కాని ఆ పెద్దలు పలికిన రెండవ మాట, మా కన్నులు చూడలేదనునది, అతడు పలుకజాలడు.

స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు సౌలు ఒక్క రాయి విసరినట్లు గ్రంథములో లేదు. సాక్షులు తమ పైబట్టలు అతని పాదముల యొద్ద పెట్టిరి. అతడు నిలిచియుండెను, అంతే. అనేక సంవత్సరముల తరువాత యెరూషలేములో జనసమూహము ఎదుట తన చరిత్ర చెప్పుకొనునప్పుడు, తాను దగ్గర నిలిచి సమ్మతించితిననియు, బట్టలకు కావలియుంటిననియు ఆయన దాచలేదు.

మన దేశపు చట్టము ఏమనుచున్నదో తెలిసికొనుట మేలు. రోడ్డుమీద పడియున్న పరాయివానిని దాటిపోయిన బాటసారిని శిక్షించు సాధారణ చట్టము మనకు లేదు. లూకా 10వ అధ్యాయములోని యాజకుడును లేవీయుడును ఇక్కడ కోర్టుకు రానక్కరలేదు. అయితే ఆగినవానికి కాపుదల కలదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు అట్టివారి రక్షణకై నియమములను ఆమోదించెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134-ఎ సెక్షన్ చేర్చబడెను. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినవాడు తన పేరు చెప్పి తీరవలెనని బలవంతము చేయరాదు. ఆ సెక్షనులో అతనికి పెట్టిన పేరు గుడ్ సమారిటన్, అనగా మంచి సమరయుడు.

నేరము సంగతి వేరు. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 33వ సెక్షన్ ప్రకారము హత్య, దోపిడి, బందిపోటుతనము మొదలగు కొన్ని నేరములు ఎరిగినవాడు పోలీసువారికి తెలుపవలెను. పాత 1973 చట్టములోను 39వ సెక్షన్‌గా ఇదే యుండెను. చెప్పకపోవుటకు సరియైన కారణమున్నదని రుజువుపరచు భారము చెప్పనివానిదే.

మరియు పిల్లల సంగతి. దీనిని కొంచెము నిదానముగా చదువుడి. 18 ఏండ్లలోపు బిడ్డమీద లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసినను, జరుగునని భయమున్నను, 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షన్ ప్రకారము ఎవరైనను పోలీసుకు తెలిపి తీరవలెను. తెలుపనియెడల 21వ సెక్షన్ క్రింద 6 నెలల వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. సద్బుద్ధితో తెలిపినవానిమీద కేసు లేదు. 1098కి ఫోను చేయుటకు ఖర్చు లేదు.

సంఘపెద్దలారా, ఈ మాట మనకే. ఇట్టిది జరిగినప్పుడు రాత్రివేళ నలుగురు కూర్చుండి, ఇంత సొమ్ము ఇప్పించి, బిడ్డను మేనమామ ఊరికి పంపి, సంఘము పరువు కాపాడితిమని ప్రార్థనతో ముగించుట కొన్నిచోట్ల జరుగుచున్నది. ఆ చట్టము ఎదుట అట్టి రాజీ నిలువదు. లేవీయకాండము ఎదుట అంతకంటె నిలువదు. ఆ గదిలో కూర్చున్న ప్రతివానికి తెలియును గనుక, వారందరు మొదటి వచనములోని మనుష్యులే. పరువు ఎవరిదో ఆ బిడ్డనడిగిన తెలియును.

“అయ్యగారూ, చెప్పుట తేలికే. రేపు ఆ ఆసామి పొలములోనే కదా మేము కూలికి పోవలెను” అని మీరందురు. ఇది న్యాయమైన మాట. దీనిని పిరికితనమని కొట్టివేయు ప్రసంగికుడు తానెన్నడును కూలికి పోయి యుండడు. మోషే ధర్మశాస్త్రము ఒక్క సాక్షిని చాలడనెను, ఇద్దరు ముగ్గురు కావలెను (ద్వితీయోపదేశకాండము 19:15). అది నిందితునికి కాపుదల, సాక్షికిని తోడు. కాబట్టి ఒంటరిగా పోకుడి. మరొకరిని తీసికొని పోవుడి, కాపరిని పిలువుడి. బెదిరింపు కలిగినయెడల 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకము క్రింద జిల్లా జడ్జిగారి అధ్యక్షతన నుండు సంఘమునకు దరఖాస్తు పెట్టవచ్చును. చూడనిది చూచితినని మాత్రము చెప్పకుడి. నిర్గమకాండము 23వ అధ్యాయము జనసమూహము వెంటబడి అబద్ధసాక్ష్యము పలుకుటను కూడ నిషేధించుచున్నది.

ఇదివరకే మౌనముగా నుండినవారి మాట ఏమి? అదే అధ్యాయము, 5వ వచనము మొదలుకొని చదువుడి. అతడు ముందు తన పాపము నోటితో ఒప్పుకొనవలెను. మూసిన నోటి దోషమునకు నోరు తెరచుటయే మొదటి మెట్టు. తరువాత ఒక ఆడు గొఱ్ఱెపిల్లను గాని మేకపిల్లను గాని తేవలెను. స్తోమత లేనివాడు రెండు గువ్వలను గాని పావురపు పిల్లలను గాని తేవచ్చును. అదియు లేనివాడు నూనెయు సాంబ్రాణియు లేకుండ ఏఫాలో పదియవ వంతు గోధుమపిండి తెచ్చిన చాలును. అరణ్యములో దేవుడు ఒక్కొక్క మనిషికి దినమునకు ఇచ్చిన మన్నా కొలతయు అదే (నిర్గమకాండము 16:16, 36). కూలివాని ఒక్కనాటి తిండి.