ప్రశ్నలు – జవాబులు: అన్నకు నచ్చిన బడి చెల్లికి ఎందుకు నచ్చదు?

ఈసారి ఉత్తరాలు గద్వాల చుట్టుపక్కల నడిగడ్డ నుంచి, కృష్ణకు అవతల వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చాయి. చాలావరకు మిషన్ బడుల గురించే. బడుల పేర్లు, రాసినవాళ్ల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా పెద్దోడు సిస్టర్ల బడిలో పది వరకు చదివిండు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆ బడి పేరెత్తితే చాలు, మా ప్రిన్సిపాల్ సిస్టర్ దేవత అంటడు. అదే బడిలో మా బిడ్డ ఏడో తరగతి. పొద్దున లేస్తే కడుపునొప్పి అంటది. హోంవర్క్ రాయలేదని రెండు పీరియడ్లు మోకాళ్ల మీద నిలబెట్టిన్రట. పెద్దోడేమో "మమ్మల్ని కూడా కొట్టిన్రు, అందుకే బాగుపడ్డం" అంటడు. ఎవరి మాట నమ్మాలె?
– ఒక తల్లి, గద్వాల

జవాబు: ఇద్దరి మాటా నమ్మండమ్మా. వాళ్లు చదివింది ఒకే గేటు లోపలే అయినా ఒకే బడిలో కాదు. సిస్టర్లకు, ఫాదర్లకు కొన్నేళ్లకోసారి బదిలీ ఉంటుంది. ఎవరు ఎక్కడికి వెళ్లాలో వాళ్ల సభ (కాంగ్రిగేషన్) పెద్దలో, బిషప్పో నిర్ణయిస్తారు. మీవాడు దేవత అంటున్న ఆవిడ ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారో! మిషన్ బడుల్లో పద్ధతులు రాతలో ఎలా ఉన్నా, నడత మాత్రం కుర్చీలో కూర్చున్న మనిషిని బట్టే మారుతుంది. పైగా రోజంతా పిల్లలతో ఉండేది సిస్టర్లు కాదు, తక్కువ జీతానికి ఎక్కువ పీరియడ్లు చెప్పే మామూలు టీచర్లు. ఆ ఒత్తిడి పిల్లల మోకాళ్ల మీద పడుతోంది.

మీవాడి వాదన ఊరూరా వినిపించేదే. బాగుపడినవాళ్లే వచ్చి చెబుతారు. దెబ్బలకు భయపడి మధ్యలో మానేసినవాళ్లు పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి రారు, వాళ్ల సంగతి ఎవరికీ తెలియదు.

ఇక చట్టం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. "మాది మైనారిటీ సంస్థ, ఆ చట్టం మాకు వర్తించదు" అని ఎవరైనా అనొచ్చు. 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో మైనారిటీ బడులను ఆ చట్టం నుంచి మినహాయించిన మాట నిజమే. అయితే పిల్లల్ని హింసించడం 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. దానికి మైనారిటీ, మెజారిటీ తేడా లేదు.

ముందు ఒక పని చేయండి. కడుపునొప్పి ఏయే రోజుల్లో వస్తోందో రాసిపెట్టి, టైంటేబుల్ పక్కన పెట్టి చూడండి. ఏ సబ్జెక్టు ఉన్న రోజు వస్తోందో మీకే తెలుస్తుంది. డాక్టరుకు కూడా ఒకసారి చూపించండి. తర్వాత ప్రిన్సిపాల్‌ను కలిసి, కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెప్పింది పేరెంట్స్ మీటింగ్ హడావుడిలో గాలికి పోతుంది. కదలిక లేకపోతే కరస్పాండెంట్‌కు, ఆపైన ఆ సభ ప్రాంతీయ పెద్ద అయిన ప్రొవిన్షియల్‌కు రాయండి. మిషన్ బడికి పైన అడిగేవాళ్లుంటారు, చాలామంది తల్లిదండ్రులకు ఈ సంగతే తెలియదు. అక్కడా పని కాకపోతే డీఈవో ఉన్నారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. పెద్దోడికి మాత్రం చెల్లెలి ముందు ఆ "బాగుపడ్డం" మాట ఆపమని చెప్పండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. మా మిషన్ స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైన్. లీడర్ పేర్లు రాస్తుంది. ఇంటర్వెల్‌లో కూడా. నాకు ఇంగ్లిష్ వచ్చు, కానీ నా ఫ్రెండు ఊరి బడి నుంచి వచ్చింది, భయంతో అసలు మాట్లాడటమే మానేసింది. మమ్మీ "మంచిదే, ఇంగ్లిష్ వస్తది" అంటోంది.
– ఒక విద్యార్థిని, వనపర్తి

జవాబు: తల్లీ, నీ ఫ్రెండు గురించి రాశావు చూడు, అందుకు ముందు శభాష్.

భాష మాట్లాడితే వస్తుంది. జరిమానా ఆ మాటనే ఆపేస్తుంది. అలాంటప్పుడు ఇంగ్లిష్ ఎక్కడి నుంచి వస్తుంది? తెలంగాణలో 2018లో ఒక చట్టం చేశారు. ఒకటి నుంచి పది దాకా ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పాల్సిందే. చట్టం నేర్పాలన్న భాషను మాట్లాడితే జరిమానా వేయడం నాకు వింతగా ఉంది. ఇంకో వింత చెప్పనా? పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన కర్దూ అనే జెస్విట్ గురువు తెలుగు నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు. ఈనాటికీ మన విచారణల్లో (పారిష్‌లలో) ఆదివారం పూజ తెలుగులోనే జరుగుతుంది. ఆదివారం తెలుగులో ప్రసంగించిన ఫాదరే సోమవారం తెలుగుకు ఫైన్ వేస్తున్నారన్నమాట!

ఈ మాట ఇంత ఘాటుగా మీ ప్రిన్సిపాల్‌తో అనకు. నలుగురైదుగురు కలిసి క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లి, "ఇంగ్లిష్ పీరియడ్లో పూర్తిగా ఇంగ్లిషే మాట్లాడతాం, ఇంటర్వెల్ వదిలేయండి" అని అడగండి. అమ్మకు కూడా ఈ పేజీ చూపించు.

ప్రశ్న: మాది అయిజ దిక్కు. సీడ్ పత్తి పెడతం. పంట ఇచ్చినంక సీడ్ కంపెనీ ఆర్గనైజర్ పైసలిచ్చే వరకు నెలలు పడతది. బడేమో జూన్‌లో సగం ఫీజు కట్టమంటది. పోయినేడు మావోడిని పరీక్ష రోజు బయట నిలబెట్టిన్రు. ఫాదర్ల బడి పేదోళ్లకు అంటరు గదా?
– ఒక రైతు, జోగులాంబ గద్వాల జిల్లా

జవాబు: అన్నా, కొన్ని ఫాదర్ల బడులు నిజంగానే పేదవాళ్ల కోసం పెట్టినవి. కొన్ని ఫీజులతోనే నడిచేవి. సర్కారు ఎయిడ్ లేని బడికి టీచర్ల జీతాలు మీరు కట్టే ఫీజులోంచే రావాలి. ఫాదర్ చేతిలో డబ్బులుండి ఇవ్వట్లేదని అనుకోవద్దు. అలాగని పిల్లవాడిని ఎండలో నిలబెట్టడానికి ఎవరికీ హక్కు లేదు. ఫీజు బాకీ మీది, వాడిది కాదు.

జూన్‌కు ముందే, ఏప్రిల్‌లోనే వెళ్లి కరస్పాండెంట్‌ను కలవండి. "సీడ్ పైసలు ఫలానా నెలలో వస్తయి, అప్పుడింత, అంతకుముందు ఇంత" అని రాసిచ్చి, ఆయన సంతకం తీసుకోండి. నడిగడ్డలో ఏళ్లుగా ఉన్న బడికి సీడ్ డబ్బు ఆలస్యమవుతుందని కొత్తగా చెప్పనక్కర్లేదు, అయినా కాగితం ఉంటే ఆఫీసు క్లర్కు నోరు మూతపడుతుంది. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. మళ్లీ పరీక్షకు ఆపితే ఎంఈవోకు ఫోన్ చేయండి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. పదో తరగతి హాల్ టికెట్‌నైతే బోర్డు వెబ్‌సైట్ నుంచి నేరుగా తీసుకోవచ్చు.

ఇంకో మాట, అడగలేదు గానీ చెబుతున్నా. ఫీజు భారమైందని పిల్లవాడిని సీడ్ పత్తి పూల క్రాసింగ్ పనికి మాత్రం దించొద్దు. ఆ నెలల్లో పోయిన పాఠాలు మళ్లీ చేతికి రావు.

ప్రశ్న: మేము మూడు తరాలుగా కాథలిక్కులం. మా విచారణ బడిలోనే మా పాపకు పూర్తి ఫీజు అడుగుతున్నారు. పక్కింటి ఎస్సీ పాపకు బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం కింద ప్రభుత్వమే కడుతోంది. మా తాతలు కూడా వాళ్ల కులమే. ఇదేం న్యాయం?
– నాగర్‌కర్నూల్

జవాబు: మీ బాధ న్యాయమైనదే, చిక్కుముడి మాత్రం బడి వేసింది కాదు. దళితులు క్రైస్తవంలోకి వెళితే రాష్ట్రంలో బీసీ–సీ కింద వస్తారు. ఎస్సీ పిల్లల కోసం పెట్టిన పథకం మీకు అందదు. విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్ల మాటా అంతే. మైనారిటీ బడికి ఆ నిబంధన లేదు. మిగతా ప్రైవేటు బడుల్లోనూ తెలంగాణలో అది ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది.

బడిని మీరు అడగాల్సింది వేరే. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంత బడులు నడుపుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు పేరుతో నడిచే బడిలో ఆ విచారణ పేదపిల్లకే చోటు కష్టమైతే, ఆ హక్కు ఎవరికోసం? హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి ఆ పదవికి చేరిన తొలి వ్యక్తి. పేదరికంతో ఆయన చదువు ఏడో తరగతితో ఆగిపోతే మిషనరీలే మళ్లీ చదివించారు. మీ ఫాదర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సంగతి గుర్తుచేయండి. ఫీజు రాయితీ కోసం రాసిన దరఖాస్తు ప్రతి ఒకటి మేత్రాసనం (డయోసిస్) విద్యావిభాగానికి కూడా పంపండి.

ప్రశ్న: మా బాబు అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నాడు. మిషన్ స్కూల్ ఒప్పుకుంటుందా? పొద్దున యేసు ప్రార్థనలో నిలబడాలా?
– వనపర్తి

జవాబు: మాల వేసేముందే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇవ్వండి. 41 రోజులు నల్ల దుస్తులు, చెప్పుల్లేకుండా వస్తాడని, ఫలానా తేదీకి విరమిస్తాడని రాయండి. చాలా బడులు ఒప్పుకుంటాయి. చెప్పకుండా పంపితేనే గేటు దగ్గర గొడవ.

ఆ గొడవ ఎంత దూరం పోతుందో 2024 ఏప్రిల్‌లో చూశాం. మంచిర్యాల జిల్లా కన్నెపల్లిలోని కాథలిక్ బడికి కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చారు. బడివాళ్లు అడ్డుచెప్పారన్న మాట పాకి, గుంపు వచ్చి అద్దాలు పగలగొట్టింది. కేసుల దాకా పోయింది. ముందురోజు తల్లిదండ్రులు, ప్రిన్సిపాల్ పది నిమిషాలు కూర్చుని ఉంటే అంతదాకా పోయేది కాదని నా అభిప్రాయం.

ప్రార్థన సంగతి రాజ్యాంగంలోనే ఉంది. 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా మైనరు పిల్లవాడిని తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధలో, ఆరాధనలో పాల్గొనమనకూడదు. అదే 2024లో భారత కాథలిక్ పీఠాధిపతుల సమాఖ్య కూడా తమ బడులకు, ఇతర మతాల పిల్లలపై క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దనీ, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ బడి అసెంబ్లీలో పీఠిక చదువుతున్నారా? బాబును అడిగి చూడండి.

ప్రశ్న: పాప రెండో తరగతి, మా ఊరి బడిలో. మూడు నుంచి నాగర్‌కర్నూల్ కాన్వెంటులో వేసి, తర్వాత నవోదయకు రాయిద్దామని ఆలోచన. సరేనా?
– బిజినేపల్లి మండలం

జవాబు: ఆగండి. వట్టెం నవోదయ మీ మండలంలోనే ఉంది కదా. ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకే. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివి ఉండాలి. పట్టణ బడిలో కొన్నాళ్లు చదివినా ఆ అర్హత పోతుంది. నవోదయ మీద నిజంగా ఆశ ఉంటే ఐదు దాకా పాపను ఊరి బడిలోనే ఉంచండి.