పిల్ల చెబితే విందాం

మన బుచ్చయ్యపేట ఆడపిల్లలు చోడవరం, అనకాపల్లి, విశాఖపట్నం వెళ్లి చదువుతున్నారు. కాలేజీలో ఎవడైనా వేధిస్తే చాలామంది ఇంట్లో చెప్పరు. ఎందుకు? చెబితే చదువు మానిపించేస్తారని భయం.

అక్కలారా! తప్పు చేసింది వాడు. చదువు మానాల్సింది మన పిల్లా?

ఇలా దాచుకోని ఒక మహిళ కథ వినండి. రాజస్థాన్‌లో ఒక పల్లెటూరు. ఆమె పేరు భన్వరీదేవి. 1992లో ఆమెపై అత్యాచారం జరిగింది. ఆమె కేసు పెట్టింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997లో తీర్పు వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. కాలేజీలకు యూజీసీ 2015 నియమాలు వచ్చాయి.

ఆ నియమాలు ఏం చెబుతాయి?

ప్రతి డిగ్రీ కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి మహిళే పెద్దగా ఉండాలి. వేధింపు జరిగిన 3 నెలల లోపు కాగితం రాసి ఇవ్వాలి. రాయలేకపోతే కమిటీ వాళ్లే సాయం చెయ్యాలి. పిల్ల ఇవ్వలేని స్థితిలో ఉంటే తల్లి ఇవ్వొచ్చు. 90 రోజుల్లో విచారణ ముగించాలి.

సాయం కావాలంటే 181కి ఫోన్ చెయ్యండి. డబ్బు కట్టనక్కర్లేదు.

ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు. పిల్ల చెబితే కోప్పడకండి. పక్కన కూర్చోండి. కాగితం ఇద్దరూ కలిసి రాయండి.

చెప్పండి:
1. ఫిర్యాదు ఎన్ని నెలల లోపు ఇవ్వాలి?
2. ఎవరెవరు ఇవ్వొచ్చు?

రాయండి: ఇంటి గోడ మీద 181.