డిస్క్ మొరాయిస్తే ముందు కాపీ, తర్వాతే రిపేరు

ప్రశ్న: మా ఫొటో స్టూడియోలో ఉబుంటు సర్వర్ ఉంది. కరెంటు పోయి వచ్చాక పాత ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గానీ కొత్తవి సేవ్ కావడం లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, అమ్రాబాద్

జవాబు: డిస్కులో తేడా కనబడితే, ఉన్న డేటా చెడకుండా లినక్స్ రాయడం ఆపేస్తుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేయకండి. ముందు ఫొటోలను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాత డిస్క్ ఆరోగ్యం తెలిపే 'స్మార్ట్' రిపోర్టు చూడండి. సాటా డిస్కయితే, 199 నంబరు వరుసలో అంకె పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌ది, మార్చి చూడండి. 5, 197, 198 వరుసల్లో పెరుగుతుంటే డిస్కే పాడవుతోంది, కొత్తది కొనాల్సిందే. అన్నీ బాగుంటే, డిస్కును అన్‌మౌంట్ చేశాకే ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే 'ఎఫ్ఎస్‌సీకే' నడపండి. ఇకపై యూపీఎస్ తప్పనిసరి.

డిస్క్ టకటకమంటున్నా, అసలు కనబడకపోయినా వెంటనే ఆపేసి, డేటా రికవరీ నిపుణులకు చూపించండి.