పేరు వెనక్కి తీసుకోకు

చి॥ బుజ్జికి,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ విభాగం వేసే నాటకంలో నాయిక వేషానికి నువ్వూ, నీ గదిలోనే ఉండే నీ స్నేహితురాలూ పేర్లు ఇచ్చారట. ఇప్పుడు నువ్వు నీ పేరు వెనక్కి తీసుకుంటానంటున్నావు. "వేషం ఇంకోసారి వస్తుంది, స్నేహం పోతే రాదు కదా పెద్దమ్మా" అన్నావు. మాట వినడానికి బాగానే ఉంది. నాకు మాత్రం నచ్చలేదు. ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను మెత్తబడిపోతాను. అందుకని రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులకు వచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ జపాన్ అనిమే సీరియళ్లు చూపించావు కదా. నువ్వు వెళ్లిపోయినా నేను ఆపలేదు. నాటకాలవాళ్ల మీద తీసినవి వెతుక్కుని మరీ చూశాను. పరిషత్తు పోటీల్లో వేషాలు కట్టినదాన్ని, గ్రీన్‌రూమ్ గొడవలు ఎరిగినదాన్ని. అవి నాకు బొమ్మల్లా అనిపించలేదు. నువ్వు అడిగినదానికి జవాబు నాకు వాటిలోనే దొరికింది కాబట్టి వాటితోనే చెబుతాను.

ముందు నీకు ప్రాణమైన 'రెవ్యూ స్టార్‌లైట్'. 2018లో వచ్చిన ఆ పన్నెండు ఎపిసోడ్లలో నీ కళ్లన్నీ కరెన్, హికారీల మీదే. చిన్నప్పుడు ఒక నాటకం చూసి, ఎప్పటికైనా ఇద్దరం కలిసి ఆ వేదిక ఎక్కాలని మాట ఇచ్చుకున్న పిల్లలు. నా మనసులో నిలిచింది మాత్రం దైబా నానా. తోటివాళ్లకు ఏదో ఒకటి వండిపెడుతూ, ఫోటోలు తీస్తూ, అందరినీ కనిపెట్టుకుని ఉండే పొడుగుపిల్ల. వాళ్లు నటన నేర్చుకునే బడి అడుగున జిరాఫీ ఒకటి రహస్యంగా పోటీలు పెడుతుంది, గెలిచినవాళ్లు కోరుకున్న వేదిక వాళ్లది. నానా గెలుస్తుంది. గెలిచి ఏం కోరుకుంటుంది? మొదటి ఏడాది అందరూ కలిసి వేసిన నాటకమే మళ్లీ కావాలంటుంది. కాలం మొదటికి వస్తుంది. మళ్లీ గెలుస్తుంది, మళ్లీ అదే ఏడాది. స్వార్థంతో కాదు, ప్రేమతో. స్నేహితులెవరూ నొచ్చుకోకూడదు, విడిపోకూడదు, ఆ సంతోషం అలాగే ఉండిపోవాలి. ఫలితం ఏమైంది? ఆ పిల్లలెవరికీ రెండో ఏడాది నాటకం వేసే రోజు రాలేదు.

"పోయినేడాది మేం వేసిన నాటకం రోజులే బాగుండేవి" అని నువ్వు చివర్లో అన్నావే, అక్కడ నాకు నానా గొంతు వినిపించింది. నువ్వు కాపాడుకోవాలనుకుంటున్నది స్నేహాన్ని కాదు బుజ్జీ, పోయినేడాదిని.

అదే కథలో క్లోదీన్ ఉంది చూడు. చిన్నప్పటి నుంచి వేదిక మీద పెరిగి, ఎక్కడికి వెళ్లినా తానే ముందున్న పిల్ల. ఈ బడిలో తెండో మాయా ఎదురయ్యాక రెండో స్థానంలో పడింది. ఆమెను ఎలాగైనా ఓడించాలని పగలూ రాత్రీ సాధన చేస్తుంది. పదో ఎపిసోడ్‌లో ఇద్దరూ జంటగా బరిలోకి దిగుతారు. పై వస్త్రం గుండీ తెగిపడితే ఓటమి. తెగింది క్లోదీన్‌ది. అప్పుడు ఆమె గొంతు చించుకుని చెప్పేది ఏమిటంటే, ఓడింది తానే, మాయా ఓడలేదు అని. ఎవరిని ఓడించాలని అంత కష్టపడిందో ఆ మనిషి పరువు మీద ఈగ వాలనివ్వదు. నేను ఆ ఎపిసోడ్ అక్కడ ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఓడినవాళ్ల వెలుగు గెలిచినవాళ్ల పాలవుతుందని ఆ కథలో ఒక నియమం ఉంది. అది మన పనికి పొసగదు. పక్కనున్న నటి బాగా చేస్తే నీ సన్నివేశం పైకి లేస్తుందే గానీ తగ్గదు. కథ రాసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే హికారీ గెలిచి కూడా తోటివాళ్ల వెలుగు తీసుకోవడానికి ఒప్పుకోదు.

నీకు పాతవంటే విసుగని తెలుసు. అయినా 'గ్లాస్ మాస్క్' చూడు. మియుచి సుజుయె దాని మూలమైన మాంగాను, అంటే బొమ్మల కథను, 1976లో మొదలుపెట్టింది. 49వ సంపుటం 2012లో వచ్చింది, కథ ఇంకా ముగియలేదు. టీవీకి 1984లో ఒకసారి, 2005లో మరోసారి తీశారు. బొమ్మలు పాతకాలపువి, కన్నీళ్లు కాస్త ఎక్కువ. కానీ నటన మీద ఇంత పట్టున్న కథ నేను ఇంకోటి చూడలేదు. ఈ మాయా వేరు, కితాజిమా మాయా, నిరుపేద పిల్ల. తల్లి చైనా వంటల హోటల్లో పనిచేస్తుంది. హిమెకావా అయుమి తండ్రి సినిమా దర్శకుడు, తల్లి పేరున్న నటి. అందం, చదువు, శిక్షణ, అన్నీ ఉన్నాయి. ఒకప్పటి మహానటి సుకికాగె చిగుసా చేతిలో 'కురెనాయ్ తెన్న్యో' అనే నాటకం హక్కులున్నాయి. అందులో దేవత వేషం ఈ ఇద్దరిలో ఒకరిదే.

అన్నీ ఉన్న అయుమికి లేనిదేమిటో అయుమికి ఒక్కదానికే తెలుసు. మాయా వేదిక మీద అడుగుపెడితే జనం ఎందుకు ఊపిరి బిగబడతారో లోకం ఇంకా గుర్తించక ముందే ఆమె గుర్తిస్తుంది. హెలెన్ కెల్లర్ నాటకంలో ఒకే వేషాన్ని ఇద్దరూ మార్చి మార్చి వేస్తారు, టీచరు పాత్రలో అయుమి తల్లి. కన్నతల్లి ఎదురుగా నిలబడి తనకంటే ఇంకొక పిల్ల బాగా చేస్తోందని తెలిసినప్పుడు ఆ గుండెలో ఏమవుతుందో ఊహించు. అయినా అయుమి తప్పుకోదు. మాయాను తప్పుకోమనీ అడగదు.

ఇంకో ఘట్టం. ఒకమ్మాయి కుట్ర చేసి మాయా పేరు చెడగొట్టి, ఆమె స్థానంలోకి వస్తుంది. పోటీ దానంతట అదే తొలగిపోయింది కదా, అయుమి లోలోపలైనా సంతోషించాలి. సంతోషించదు. ఆ కుట్ర చేసిన పిల్లతో కలిసి వేదిక ఎక్కి, రక్తం తాగే కార్మిల్లా వేషంలో ప్రేక్షకుల చూపు మొత్తం తనవైపు లాగేసుకుని, ఆమెను అక్కడే చిత్తు చేస్తుంది. ఎవరికీ చెప్పుకోదు, మాయాకు కూడా. వీళ్లిద్దరూ స్నేహితులని కథ ఎక్కడా చాటింపు వేయదు. నా దృష్టిలో ఇంతకు మించిన స్నేహం లేదు. ఒకరి పని విలువ ఇంకొకరికి కచ్చితంగా తెలియడం, ఆ విలువకు ఎవరైనా చెయ్యి పెడితే ఊరుకోకపోవడం.

ఇప్పుడు నీ సంగతికి రా. అయుమి గనక జాలిపడి ఆ వేషం మాయాకు వదిలేసి ఉంటే? మాయా జన్మలో క్షమించేది కాదు. నువ్వు పేరు తీసేస్తే నీ స్నేహితురాలికి దక్కేది వేషం కాదు, నీ దానం. రేపు తను ఎంత బాగా చేసినా, బుజ్జి బరిలో ఉంటే నాకు వచ్చేదా అన్న ముల్లు తన గుండెలో ఉండిపోతుంది. ఆ ముల్లు గుచ్చింది నువ్వే అవుతావు. పైగా అందులో నీకు తెలియని గర్వం ఒకటి దాగుంది. నేను నిలబడితే తను గెలవలేదు అని నీ అంతట నువ్వే తీర్పు చెప్పేశావు. అది ఎవరు చెప్పారు?

'కాగెకి షోజో' గురించి క్లుప్తంగా చెబుతాను. 2021లో వచ్చింది, పదమూడు ఎపిసోడ్లు. అందులోని కోకా బడికి మూలం నిజంగా ఉన్న తకరాజుకా. హ్యోగో జిల్లాలో 1913లో పుట్టిన ఆ సంస్థలో మగవేషాలు కూడా ఆడవాళ్లే కడతారు. మన స్థానం నరసింహారావుగారి సత్యభామను తలకిందులు చేసి చూసుకో. కథలో వతనాబె సరసా 178 సెంటీమీటర్ల పొడుగుపిల్ల. మగవాళ్లే ఆడే కబుకీ నాటకాల వాతావరణంలో పెరిగింది గానీ ఆడపిల్ల కాబట్టి ఆ వేదిక ఆమెకు లేదు. చూసిన నటనను అచ్చు గుద్దినట్టు దింపుతుంది. మాస్టారు మెచ్చుకోడు. ఇలా అనుకరిస్తే ఎప్పటికీ అగ్రనటివి కాలేవంటాడు. చివర్లో ఒక నాటకంలో టిబాల్ట్ అనే వేషానికి ఆమే, తరగతిలో ముందుండే సుగిమోటో సావా పోటీపడతారు. వేషం సరసాకు వెళ్తుంది. సావా ఏ తప్పూ చేయలేదు. బాగా చేసి కూడా వేషం పోగొట్టుకోవచ్చని ఇంత నిజాయితీగా చూపిన కథలు తక్కువ. నీకూ అలా జరగవచ్చు, దానికి సిద్ధంగా ఉండు.

అదే కథలో యమదా అయాకో అనే పిల్లను డాన్సు టీచరు లావుగా ఉన్నావన్నందుకు, తిన్నది కక్కుకునే దాకా వెళ్తుంది. అది కల్పన అనుకోకు. అసలు తకరాజుకాలోనే 2023 సెప్టెంబరులో ఒక యువనటి చనిపోయింది. సీనియర్ నటీమణుల వేధింపులు జరిగాయని యాజమాన్యం 2024 మార్చిలో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పోటీ అంటే ఒకటి, పీడన అంటే ఇంకొకటి. నీ ఈడుదానితో పోటీకి వెనకాడకు. కానీ ఏ సీనియరైనా, ఏ మాస్టారైనా కళ పేరు చెప్పి నీ తిండీ నిద్రా లాక్కుంటే భరించకు, నాకు చెప్పు. నేను బస్సెక్కి వస్తాను.

చివరిగా 'షోవా గెన్రోకు రకుగో షింజూ'. ఇది నువ్వు సగంలో ఆపేశావు, నిదానంగా ఉందని. మళ్లీ మొదలుపెట్టు. కుమోతా హరుకో మాంగా, 2016లో ఒక భాగం, 2017లో ఇంకో భాగం తీశారు. రకుగో అంటే ఒక్క మనిషే దిండు మీద మోకాళ్లు ముడుచుకు కూర్చుని, విసనకర్ర, చేతిగుడ్డ తప్ప ఏమీ లేకుండా, పైకి లేవకుండా, తల అటూ ఇటూ తిప్పుతూ నలుగురి మాటలూ చెప్పే కళ. ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోజున ఒకే గురువు గుమ్మం తొక్కుతారు. సుకెరోకు నోరు తెరిస్తే జనం పడిపడి నవ్వుతారు. కికుహికో ఒళ్లు వంచి సాధన చేస్తాడు, సభ మాత్రం చల్లగా ఉండిపోతుంది. ఒకే గదిలో బతుకుతూ, ఒకే కంచంలో తింటూ, పక్కవాడికి అలవోకగా వస్తున్నది తనకు రాక కికుహికో లోలోపల ఉడికిపోతాడు. సుకెరోకు దారి తనది కాదని తెలుసుకున్నాకే అతనికి తన దారి దొరుకుతుంది. ఆడవాళ్ల వేదన, మృత్యువు, మెల్లగా బిగుసుకునే మౌనం. ఆ పోటీ లేకపోతే ఆ దారి అతనికి దొరికేదే కాదు.

మరి ఎక్కడ చెడింది? అసూయ వల్ల కాదు. నోరు విప్పకపోవడం వల్ల. తన కళకు వాడు ఎంత అవసరమో కికుహికో చెప్పవలసిన రోజుల్లో చెప్పలేదు. సుకెరోకును గురువు వెళ్లగొట్టాక, ఏళ్లు గడిచాక, పల్లెటూరికి వెతుక్కుంటూ వెళ్లి తిరిగి రమ్మని బతిమాలతాడు. అప్పటికే ఆలస్యమైంది. స్నేహితుడు పోయాక అతనికి గురువు పేరూ వచ్చింది, అగ్రస్థానమూ వచ్చింది. సరితూగేవాడు లేడు. ఆ కళను తనతోపాటే పాతిపెట్టేద్దామనుకునేంత ఒంటరివాడైపోయాడు.

అందుకని నేను చెప్పేది ఇదీ. ఈ రాత్రే తనతో మాట్లాడు. నాకు ఆ వేషం చాలా కావాలి, నువ్వంటే కుళ్లుగా కూడా ఉంది, అయినా నువ్వు పక్కన లేకపోతే నాకు రిహార్సల్ సాగదు అని ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడకు, తనూ అదే అనుకుంటూ ఉంటుంది. డైలాగులు కలిసి చదువుకోండి. ఒకరోజు తను నీలా చేయాలి, నువ్వు తనలా చేయాలి. 'గ్లాస్ మాస్క్' మాంగాలో ఇద్దరు రాకుమార్తెల నాటకానికి మాయా, అయుమీ ఒకరి ఇంట్లో ఒకరు ఉండి చూస్తారు, అలాంటిదే. ఆడిషన్ రోజున కావాలని తగ్గించి చేస్తే మాత్రం నాకు తెలిసిపోతుంది, ఊరుకోను. వేషం నీకొస్తే తనకు క్షమాపణ చెప్పకు. తనకొస్తే ఆ పూట ఏడువు, రెండో రోజు నుంచి ప్రాంప్టింగ్‌కైనా సరే వెళ్లు. ఆ నాటకం తనది ఎంతో నీదీ అంతే.

మీ అమ్మకు ఇదంతా చెప్పకు, పరీక్షల ముందు నాటకాలేమిటని నన్ను తిడుతుంది. పేరు అలాగే ఉంచు. ప్రదర్శన ఏ తారీఖునో తెలియగానే రాయి, నాకూ పెదనాన్నకూ ముందు వరసలో రెండు సీట్లు పెట్టించు. మీ ఇద్దరిలో ఎవరు ఆ వేషం కట్టినా మేము వస్తాము.

ఇట్లు,
మీ పెద్దమ్మ