బస్తా ఒకటే, బలం వేరు
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మాది పసుపు రైతుల సంఘం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కొమ్ము కొని, కర్కుమిన్ తీసే ఫ్యాక్టరీకి పంపుతాం. మేం కొనేది కిలోల్లో, వాళ్లు ధర కట్టేది కర్కుమిన్ మీద. స్టాక్ సాఫ్ట్‌వేర్‌లో రెండో యూనిట్ పెట్టి, 100 కిలోల పసుపుకు 4 కిలోల కర్కుమిన్ అని రాశాం. నెలాఖరుకు లెక్క కుదరడం లేదు. ఎందుకు?
- ఒక లెక్కల గుమస్తా, ధర్మపురి

జవాబు: చిక్కంతా ఆ 4 దగ్గరే. క్వింటాలుకు 100 కిలోలన్నది ఎన్నటికీ మారదు. సరుకు పేరు కింద ఒకసారి రాసి వదిలేయొచ్చు. కర్కుమిన్ అలా కాదు. విత్తనాన్ని బట్టి, నేలను బట్టి, ఉడకబెట్టి ఆరబెట్టిన తీరును బట్టి మారుతుంది. కాబట్టి ఆ శాతాన్ని సరుకు కింద కాదు, లాటు కింద రాయాలి. సాప్ లాంటి పెద్ద ప్యాకేజీల్లో బ్యాచ్‌కు తగ్గట్టు మారే యూనిట్లు పెట్టుకునే వీలుంది. మీది చిన్న ప్యాకేజీ అయితే స్టాక్‌ను కిలోల్లోనే ఉంచి, లాటు నంబరు పక్కన ల్యాబ్ శాతానికి ఒక గడి పెట్టించండి. గుణకారం రిపోర్టులో జరిగితే చాలు. కాటా మీద వచ్చిన బరువును మాత్రం ఎవరి కోసమూ దిద్దొద్దు.

రెండు లాట్లు కలిపినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 3 శాతం ఉన్న 1,000 కిలోలు, 5 శాతం ఉన్న 600 కిలోలు కలిపారనుకోండి. ఒక్కోదాంట్లో 30 కిలోల చొప్పున మొత్తం 60 కిలోల కర్కుమిన్. అంటే 3.75 శాతం. మూడూ అయిదూ కూడి సగం చేసి 4 అన్నారో, పుస్తకంలో 64 కిలోలు కనబడతాయి. గోదాంలో లేని ఆ నాలుగు కిలోలకు ఫ్యాక్టరీ డబ్బివ్వదు.

ల్యాబ్ కాగితంలో ఆ శాతం ఏ లెక్కన ఇచ్చారో కూడా చూడండి. తేమ తీసేసిన ఎండు లెక్కన 5 శాతం అని ఉండి, సరుకులో 10 శాతం తేమ ఉంటే, మీరు తూచిన బస్తాలో ఉన్నది 4.5 శాతమే. బేరానికి ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. తర్వాత తరుగు పేరుతో గొడవ పడి లాభం లేదు.

ప్రశ్న: పాలు లీటర్లలో పోయించుకుని వెన్న కిలోల్లో లెక్క చూపాలి. లీటరంటే కిలోయే కదా?
- పాలకేంద్రం నిర్వాహకుడు, జగిత్యాల

జవాబు: కాదు. పాలు నీళ్లకన్నా బరువు. లీటరు సుమారు 1.03 కిలోలు తూగుతుంది. 6 శాతం వెన్న ఉన్న గేదె పాలు 100 లీటర్లలో 6 కిలోలు కాదు, 6.18 కిలోల వెన్న ఉంటుంది. సాంద్రత ఏ పూటకు ఆ పూట కొంచెం మారుతుంది గనుక లాక్టోమీటరు రీడింగును ఆ పూట పాల పక్కనే ఎక్కించండి.

ప్రశ్న: నీళ్ల ట్యాంకులకు వాడే బ్లీచింగ్ పౌడర్ మా స్టోర్లో సంచుల లెక్కన ఉంది. 2027 గోదావరి పుష్కరాలకు ఇంకా తెప్పిస్తారట. ఎంత పాతదైనా కిలోకు కిలోయేనా?
- ఒక స్టోర్‌కీపర్, ధర్మపురి

జవాబు: కిలోకు కిలోయే, క్లోరిన్‌కు క్లోరిన్ కాదు. మంచి పౌడర్‌లో కొత్తగా ఉన్నప్పుడు పనికొచ్చే క్లోరిన్ దాదాపు 33 శాతం. ఎండ, తేమ తగిలిన కొద్దీ అది పడిపోతుంది. లక్ష లీటర్ల నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 200 గ్రాముల క్లోరిన్ కావాలంటే, 33 శాతం పౌడర్ 606 గ్రాములు సరిపోతుంది. 22 శాతానికి దిగిన సంచిలోంచి 909 గ్రాములు తీయాలి. ఇక్కడ శాతానికి తోడు పరీక్ష చేసిన తేదీ కూడా ఉండాలి. మళ్లీ పరీక్ష చేయించినప్పుడు పాత అంకెను చెరపకుండా కొత్త తేదీతో మరో వరస రాయండి. లేకపోతే పోయిన నెల వాడకం లెక్కలు కూడా వెనక్కి తిరిగి మారిపోతాయి. కొత్త సంచులు వచ్చినా ముందు పాతవే విప్పండి.